తొడిమ

కార్తీకం మూడో ఆదివారం
పొదలకూరు రోడ్డు మీద టెంపో ఆగిందంటే
నెల్లూరు కాలనీ వాళ్లు వొచ్చినట్టే.
మా తోటలో ఒకటే ఒక ఉసిరిచెట్టుండాది,
నిమ్మచెట్ల మధ్య దారి తప్పొచ్చిన చుట్టంలాగా.
దానికోసమే వాళ్లొచ్చేది.
మాకేమో ఆ రోజు కూడా కోతే.

పనాపితే ఎట్ట?
మూడు గంటలకల్లా యార్డుకి లూజులు చేరకపోతే
పాటలో మన కాయ ఆఖర్న పడతాది.
ఆఖర్న పడిన కాయని
పాడేవాడు కళ్లతో కూడా ముట్టుకోడు.

అందుకే ఆ పక్క గాడిపొయ్యి మీద పులిహోర తిరగమోత,
ఈ పక్క దోటి దెబ్బకి రాలే కాయల టపటప,
మధ్యలో పిల్లకాయలు.
"ఆంటీ, మేం కూడా కోస్తాం!"
కోయండి నాయనా.
మస్తానమ్మ వాళ్లకి పాత చొక్కాలు తొడిగి
చేతులు వేళ్లదాకా దించి గుండీలు పెడతాది.
అయినా ముల్లు ముల్లే.
గీత పడినప్పుడు ఏడుపు రాదు,
దాని మీద నిమ్మరసం పడినప్పుడొస్తాది.

బ్యాంకాయన కొడుకు లోహిత్ అరగంట కోసి
పదకొండు కాయలు తెచ్చి
"ఇప్పుడు నాకెంత?" అన్నాడు.
కూలి పుస్తకంలో వాడి పేరూ ఎక్కించినా,
చెంగమ్మ కింద.
బాకీ రెండు రూపాయలు.
వాడు సంతకం పెట్టినాడు, పేజీ అంతా.

ఈసారి కొత్తగా ఒకామె వొచ్చింది.
ఇస్త్రీ నలగని వంగపండు రంగు చీర,
పేరు ప్రసూన, ఇంజనీరు గారి భార్య.
మాట పుస్తకంలో అచ్చేసినట్టుండాది.
కూతురికి చూపిస్తానని చెట్టు కిందికొచ్చి
ఒక కాయ కోసింది.

ఒక్క కాయే.
లాగలా.
బొటనవేలు తొడిమ కింద పెట్టి
కాయని సగం తిప్పి, పైకెత్తి...
ఆకు కదల్లా. ముల్లు తాకలా.
తొడిమ పచ్చగా కాయకే ఉండిపోయింది.
అది ఫోన్లో చూసి నేర్చుకునేది కాదు.
పదేళ్లప్పుడు, బడికి పోని పొద్దుల్లో,
తొడిమ ఊడితే కాయ కుళ్లతాదని
ఎవరో నెత్తిన మొట్టి చెబితే వొచ్చేది.

నేను చూసినా.
నేను చూసినట్టు ఆమె చూసింది.
కాయని కొంగుతో తుడిచి పిల్ల చేతిలో పెట్టి
"వాసన చూడమ్మా, ఎంత బాగుందో"
అనింది, మళ్లీ ఆ అచ్చు మాటలోనే.
ఏ ఊరు? సైదాపురమా, కలువాయా?
అడగలా.
దోటి తీసుకుని పక్క సాలుకి పోయినా.

ఆకుల్లో పెరుగన్నం పడేవేళ
తూర్పు నల్లబడింది.
మా దగ్గర వాన చెప్పి రాదు,
సముద్రంలోంచి లేచి ఉరుక్కుంటా వొస్తాది.
పద్నాలుగు లూజులు బయట, మూతి కుట్టకుండా.
తడిస్తే తెల్లారేసరికి మచ్చ.
జనమంతా గిన్నెలెత్తుకుని టెంపో వైపు ఉరికినారు.
అప్పుడు వినబడింది...

"ఏంది, అట్ట చూస్తా నిలబడుండారే!
ఆ పట్ట పీకండి! లూజుల మీద కప్పండి!
మూలలకి రాళ్లు పెట్టండబ్బా!"

వంగపండు చీర మోకాళ్లదాకా దోపుకుని
వాళ్ల భోజనాల మీద కట్టిన టార్పాలిన్ని
గుంజల్నించి లాగతా ఉండాది.

కాలనీ మొత్తం నిలబడిపోయింది, వాన్లోనే.
ఇంజనీరు గారు
పెళ్లాన్ని ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసి,
తరవాత బూట్లు విప్పి
రెండో మూల పట్టుకున్నాడు.

పన్నెండు దక్కినాయి. రెండు తడిసినాయి.
పులిహోర మాత్రం ఎవరికీ దక్కలా,
చీమలు కూడా మునిగినాయి అందులో.

పోయేటప్పుడు కూలి పుస్తకం తీసినా.
లోహిత్ పేరు కింద గీత గీసి
"ప్రసూన గారూ, మీదీ రాయాల" అన్నా, నవ్వులాటకే.
ఆమె టెంపో వైపు ఒకసారి చూసి
"పెంచలమ్మ అని రాయి" అనింది.

రాసినా.
జుట్టు పిండుకుంటా అడిగింది:
"ఆడకూలి ఇప్పుడెంతుండాది?"
చెప్పినా.
"అంతేనా," అనింది.