కాలమ్ 14-బి

ఉప్పుటేట్లో దిగాక తట్టింది
ప్రశ్నావళి తడుస్తుందని.
ప్లాస్టిక్ కవర్లో పెట్టి గుండెకి అదుముకున్నాను.
ఎన్నూరు, ఉదయం ఆరున్నర, పోటు తీసిన నీళ్ళు.
అవతల మూడు పొగగొట్టాలు
పళ్ళు తోముకుంటున్నట్టు నిలబడ్డాయి.

ఆర్థిక సంస్కరణల పత్రంలో
ఈసారి ప్రకృతికి కూడా ఒక గడి ఇచ్చారు.
నుంగంబాక్కం ఆఫీసులో ఎళిలరసు సారు
ఆ గడిని వేలితో మూడుసార్లు తట్టి
"ఇదమ్మా కొత్తది" అన్నారు.
ఆయన ముఖంలో నిజంగానే సంతోషం. అబద్ధమెందుకు,
ఆ ఒక్క గడి కోసం
ఆయన జుట్టంతా మీటింగుల్లోనే నెరిసింది.
"తడ పిల్లవి, తెలుగొచ్చు, ఎన్నూరు నీకే."

పేరు: దేశమ్మ.
వయసు: పెద్ద గాలివానకి ముందేడు పుట్టింది.
(దానికి కోడ్ లేదు.)
వృత్తి: రొయ్యలు. చేత్తోనే.
వల లేదు, పడవ లేదు.
తాటాకు బుట్ట తాడుని పళ్ళమధ్య కరిచిపట్టి
రెండు చేతులూ బురదలోకి పోనిచ్చి
తప్పిపోయిన కమ్మ వెతుక్కుంటున్నట్టు వెతుకుతుంది.

నేను అడుగుతున్నాను:
గత అయిదేళ్ళలో ఈ నీటివనరు
మీకందించిన సేవల విలువ, రూపాయల్లో?
ఆమె కనుబొమలెగరేసింది.
తగ్గితే, ఎంత శాతం?
బుట్ట అటూ ఇటూ ఊగింది.
నోట్లో బతుకు పెట్టుకున్న మనిషిని
నోరు తెరవమంటున్నానని
అప్పుడు గాని వెలగలేదు నాకు.

బుట్ట తీసి చంకలో పెట్టుకుంది.
"అమ్మణ్ణీ, ఇదే తావు మా యమ్మకి గొంతు లోతు.
నా పెళ్ళినాటికి నడుం లోతు.
ఇప్పుడు చూడు" అని కాలెత్తింది.
చీలమండ దాకా బూడిద,
ఎవరో కుట్టి తొడిగిన మేజోడులా.
"పైన బ్రిడ్జి మీంచి చూసేవోళ్ళకి మాత్రం
ఏడాదికేడాది నేను పొడుగైనట్టు అగపడతా"
అని నవ్వింది. చాలాసేపు నవ్వింది.
ఒక రొయ్య ఎగిరి నా కాగితం మీద పడి
రెండు మెలికలు తిరిగి మళ్ళీ నీళ్ళలోకి పోయింది.

కొలమానం దగ్గర నాలుగే ఉన్నాయి:
కిలో, లీటరు, హెక్టారు, రూపాయి.
గొంతు లేదు. నడుం లేదు.

సాయంత్రం ఆఫీసు బాత్రూంలో తలుపేసుకుని
దర్జీ టేపుతో నన్ను నేను కొలుచుకున్నాను.
గొంతు నించి చీలమండకి
నూట పంతొమ్మిది సెంటీమీటర్లు.
14-బిలో 119 కొట్టాను.
కంప్యూటర్ ఎర్రబడింది.
నష్టం వందకి మించకూడదట.
వంద వేద్దామంటే మనసొప్పలేదు.
రొయ్య ఉంది, నా కళ్ళతో చూశాను.
ఖాళీగా వదిలితే సున్నా అవుతుంది,
సున్నా అంటే
ఏమీ పోలేదని అర్థం.

పక్క టేబుల్ మీద ఇంకో ఫైలు.
అదే బూడిదతో చేసిన ఇటుకలకి హరిత ముద్ర,
పన్ను రాయితీ,
వృద్ధి పద్దులో పైకి చూస్తున్న బాణం.
తప్పనను. ఇటుకలు మంచివే,
మేం కూర్చున్న ఈ గోడ కూడా వాటిదే,
ఎండకి చల్లగా ఉంటుంది.
వెళ్ళిన బూడిద ఒక పద్దులో ఉంది,
మిగిలిన బూడిద ఏ పద్దులోనూ లేదు, అంతే.

ఎళిలరసు సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
"గడి చిన్నదైపోయిందమ్మా" అని
ఢిల్లీకి ఉత్తరం మొదలుపెట్టారు,
మొదటి వాక్యమే నాలుగుసార్లు కొట్టేశారు.

ఈలోగా కాగితాలు స్కానింగుకి పోయాయి.
దేశమ్మ ఫారం మీద ఆ రొయ్య వదిలిన తడి మరక
ఎండి గోధుమరంగుకి తిరిగింది.
యంత్రం దాన్ని టిక్కు అనుకుంది,
"మునుపటికన్నా మెరుగు" ఎదురుగా.

రేపు దిద్దించాలి.
పోటు వేళకి ముందే వెళ్ళాలి,
ఈసారి కాగితం లేకుండా.