వెనక పేజీ

ముసఫ్ఫా క్యాంపు, పదకొండో నంబరు రూము.
ఆరు బంకులు, ఒక్క ఏసీ.
నా కొలువు గంటలు రాసుడు:
ఎవడెప్పుడు ఎక్కిండు, ఎవడెప్పుడు దిగిండు,
ఓవర్‌టైం ఎంత, లేటు ఎంత.
భోజన్నవి మాత్రం
పుస్తకం వెనక పేజీల సెకండ్లు రాస్త.

మొదటిసారి పప్పుకు పోపు పెడుతున్నడు.
గరిటె పట్టిన చెయ్యి పట్టినట్టే ఆగింది.
ఎల్లిపాయ ఎర్రగయ్యి, నల్లగయ్యి, పొగ లేచింది.
చూపు గోడ మీద లేదు, గోడ అవతలా లేదు.
ఎడమ చెయ్యొక్కటే అంగీ గుండీని
తిప్పుతనే ఉంది, ఊడి కింద పడేదాక.
నలభై సెకండ్లు.
మళ్ల నన్నే అడిగిండు:
"ఎవడ్రా ఎల్లిపాయ మాడగొట్టింది?"

నవ్వినం. పరధ్యానమన్నం.

రెండోసారికి నవ్వలే.
రూముల ఆరుగురం, కారణాలు ఏడు.
ఎండ, అన్నడు నడిపి లస్మన్న,
జూలైల ఇనుము మోస్తే మెదడు ఉడకదా అని.
నిద్ర లేక, అన్నడు రాజలింగం,
రెండు షిఫ్టులు చేసేది తనే కాబట్టి.
తిల్ బహదూర్ ఏమనలే,
ఇనుప మేకొకటి తెచ్చి దిండు కింద పెట్టిండు.
"చిన్నప్పుడు మోటబాయిల పడ్డ"
అన్నడు భోజన్న తనే.
ఆ మాట మీద కొన్నాళ్లు నిమ్మళంగున్నం.
కారణం దొరికితే సగం తగ్గినట్టే గద.

జూన్ మూడు. బస్సుల. ఉత్తగనే పెదవులు చప్పరించిండు. ఇరవై.
జూన్ తొమ్మిది. బిడ్డతోని ఫోన్ల.
"నాయినా, నాయినా" అంటనే ఉందా పిల్ల.
నేను గుంజుకుని "సిగ్నల్ పోయింది తల్లీ" అన్న. ముప్పై అయిదు.
జూన్ ఇరవై ఒకటి. ముందే తెలుస్తదంట.
కడుపులకెళ్లి మాడిన బెల్లం వాసన లేస్తదంట.
ఈ ఇసుకల బెల్లమెక్కడిది.

భోజన్న పని పరంజా కట్టుడు.
పధ్నాలుగో అంతస్తు బయట,
హుక్కు తీసి హుక్కు తగిలించే నడుమ
రెండు సెకండ్లు మనిషి ఉత్త గాలికే కట్టి ఉంటడు.
దానికి నా టైంషీట్ల గడి లేదు.

చెప్తే ఫిట్‌నెస్ పోతది, ఫిట్‌నెస్ పోతే వీసా,
వీసా పోతే అప్పొక్కటే మిగుల్తది.
ఇది ఆయన లెక్క. తప్పు పట్టేది కాదు.
నా లెక్కల రెండు, నలభై. అంతే.

జూలై పన్నెండు పొద్దున
పై అంతస్తు లిస్టుల ఆయన పేరు రాయలే.
ఫోర్‌మన్ గుల్‌జమాన్ ఎందుకని గర్జిస్తే
పుస్తకం తిరగేసి వెనక పేజీ చూపెట్టిన.
చదవరాదు ఆయనకు.
అంకెలు మాత్రం వేలు పెట్టి ఒక్కొక్కటే చూసి
హెల్మెట్ తీసి ఒళ్లె పెట్టుకుని కూసున్నడు.

భోజన్న పదిరోజులు నాతో మాట్లాడలే.
కూర వేరే గిన్నెల వండుకున్నడు.

డాక్టర్ శోశమ్మ తెర మీద చూపెట్టింది.
బూడిదరంగు మడతల నడుమ
తెల్లటి చుక్క, ఆవగింజంత.
ఎన్నడో కడగని ఆకుకూరతోనో, చెడ్డ నీళ్లతోనో
లోపలికి పోయిన పురుగు గుడ్డు
మెదడుల గూడు కట్టి, చచ్చి, సున్నమయిందంట.
బాయి కాదంట.
ఎండా, నిద్ర లేకపోవుడూ దాన్ని కెలుకుతయంట.
అంటే లస్మన్న సగం, రాజలింగం సగం.
మేకు సంగతి ఆమెనడగలే.

"ఎన్నటిది మేడం?"
"ఇరవై ఏళ్లదైనా కావచ్చు."
భోజన్న చానసేపు చూసిండు దాన్ని.
"ఇన్నేండ్లు నెత్తిల పెట్టుకుని తిరిగిన్నా,
ఎయిర్‌పోర్టు చెకింగుల గూడ దొరకలే" అన్నడు.
నాతోనే అన్నడు.

ఇప్పుడు స్టోర్ల బోల్టులు లెక్కవెడ్తడు.
జీతంల మూడొందల దిర్హమ్‌లు కోత.
పొద్దున ఒక గోలి, రాత్రి ఒక గోలి.
మరిచిపోతడని ఆ టైం కూడా నేనే రాస్త.

నిన్న రాత్రి పోపు మీద గరిటె ఆగింది.
నేను గడియారం దిక్కు చూసిన.
"చూడకు," అన్నడు వెనక్కి తిరగకుండనే,
"ఉప్పేసిన్నా లేదా అని యాజ్జేసుకుంటున్న."
అప్పటికే పదకొండు రాసిన.
కొట్టేసిన.