కుడికాలు

ఉత్తరంలో రెండే వాక్యాలు.
రెండో దాంట్లో నాకు శుభాకాంక్షలు.

ప్రొబేషన్‌లో కారణం చెప్పనక్కర్లేదట.
డిపో మేనేజరు హాన్సెన్ ఆ మాట మెల్లిగా,
పసిపాపకి చెప్పినట్టు చెప్పాడు
నా జర్మన్ మీద జాలితో.
నా జర్మన్‌కి వెంటనే అర్థమైంది.
అర్థం కానిది మిగతా నాకే.

ఆరు నెలలు నిండడానికి ఇంకా పదకొండు రోజులు.
నోటిదాకా వచ్చిన ముద్ద అంటారు.
కాదు, ముద్ద నోట్లోనే ఉంది, నమలడం మొదలుపెట్టాను.
వాయిదాల మీద సోఫా కూడా కొన్నాను.

జాకెట్ ఇచ్చేశాను. లాకరు తాళంచెవి, చిల్లర డబ్బా.
టికెట్ మిషన్ కోడు ఎలా ఇచ్చేయాలి?
నాలుగంకెలు, బుర్రలోనే ఉండిపోయాయి.
ఛాతీ మీద పెట్టుకునే పేరుబిళ్ల ఎవరూ అడగలేదు.
ముథేవు అని ఉంది దానిమీద.
ఫ్లెన్స్‌బుర్గ్ మొత్తంలో ఇంకెవరికీ సరిపోదు కాబట్టేమో.

రాత్రిళ్లు ఐదో నంబరు రూటంతా మళ్లీ నడుపుతాను
ఎక్కడ పారేసుకున్నానో వెతుక్కుంటూ.
రేవు మలుపు. చేపల దుకాణం. ఆసుపత్రి.
నవంబరు మంచులో అద్దానికి గీతపెట్టిన ఆ స్తంభమా?
ఆసుపత్రి స్టాపులో ప్రతి మంగళవారం
చక్రాల నడకబండి తోసుకుంటూ వచ్చే పెద్దావిడ కోసం
నలభై సెకన్లు ఆగేదాన్ని, అదా?
నలభైని మంగళవారాలతో హెచ్చవేశాను.
మొత్తం పావుగంట, పైన కాస్త చిల్లర.
ఆవిడ ఒక్కసారీ థాంక్స్ అనలేదు.

మచాకోస్‌లో పన్నెండుమంది ఆడవాళ్లు
చీటీ డబ్బు ఎత్తి నా లైసెన్సుకి కట్టారు.
"ఎలా ఉందే నీ బస్సు?" అని మ్వెండె గొంతు, ఫోన్లో,
వెనకాల ఎవరిదో కోడి.
"ఇక్కడ వాన" అన్నాను.
అబద్ధమైతే కాదు.

నా నివాస కార్డుకి ఒక పచ్చ కాగితం తోక.
దానిమీద కంపెనీ పేరు ఉంది.
ఆ పేరు ఉన్నంతవరకే నేను.
రెండు వారాల్లో ఆఫీసుకి తెలియజేయాలి.
ఫోన్ చేస్తే పియానో వస్తుంది.
ఇరవై నిమిషాల పియానో, తర్వాత కట్.
గిన్నెలు తోముతూ అదే కూనిరాగం తీస్తున్నాను ఇప్పుడు,
సిగ్గు లేకుండా.

ఇవన్నీ సరే. చెప్పాలనుకున్నది కాలి సంగతి.

నెలాఖరు దాకా స్టాఫ్ పాసు చెల్లుతుంది కాబట్టి
ఉపాధి ఆఫీసుకి బస్సులోనే పోతున్నాను.
మూడో సీటు, కిటికీ పక్క.
రేవు మలుపు రాగానే
నా కుడికాలు అక్కడ లేని బ్రేకుని తొక్కుతుంది.
పక్కనున్న కుర్రాడు ఇయర్‌ఫోన్ తీసి చూశాడు.
ఏం చెయ్యను?
కాలికి ఇంకా ఉత్తరం అందలేదు.

ఎదురెదురుగా వచ్చే డ్రైవర్లు
స్టీరింగ్ మీంచి చెయ్యెత్తి పలకరించుకుంటారు.
మొదటి రెండు వారాలు నాకెవరూ ఎత్తలేదు.
మూడో వారం, ఏడో నంబరు స్లావొమిర్,
రెండు వేళ్లు.
ఆ రాత్రి చపాతీలు లెక్క లేకుండా తిన్నాను.

నిన్న ఆసుపత్రి స్టాపులో వానలో నిలబడ్డాను,
సంచిలో ఆరు దరఖాస్తులు.
అవతలి వైపు ఏడో నంబరు పోతోంది.
నా చెయ్యి దానంతటదే లేచింది.
లేచాక దాన్నేం చెయ్యాలో తెలియక జుట్టు సర్దుకున్నాను.
అతను చూశాడో లేదో. వైపర్లు అడ్డం.

నా బస్సు వచ్చింది. ఎక్కాను.
వెనకాల చక్రాల చప్పుడు,
తడి రాళ్లమీద, నాకు తెలిసిన చప్పుడు.
మంగళవారం కదా.
తలుపులు ఉస్సుమంటూ మూసుకోబోయాయి.
కుడికాలు వెళ్లి మధ్యలో నిలబడింది.

కొత్త డ్రైవరు అద్దంలోంచి ఏదో అరిచాడు.
ఆ నిబంధన నాకు తెలుసు,
నంబరుతో సహా పరీక్షలో రాశాను.
పెద్దావిడ ఎక్కింది, బండి మడిచింది, కూర్చుంది,
నావైపు చూడనైనా లేదు.