ఎడమ సగం

పొదలకూరు యార్డులో
పచ్చికాయ ఒక పక్క, పండు ఒక పక్క.
నా తలా అంతే:
కుడి సగం నాది,
ఎడమ సగం ఎవరిదో.

నిమ్మచెక్క రుద్దమనింది పెంచలమ్మ.
రోజంతా నిమ్మకాయల్లోనే గదా నేనుండేది!
శొంఠి పట్టేశా, తాయెత్తు కట్టా.
మెడికల్ షాపు బిళ్ళలు మింగి మింగి
నొప్పే బిళ్ళలకు మరిగింది.

నెల్లూరు పెద్దాసుపత్రి డాక్టరమ్మ
మందు రాసే ముందు
నొప్పొచ్చిన రోజు క్యాలెండర్లో గీత గియ్యమనింది.
మూడు నెలలు గీశా.
గీతలన్నీ
సద్ది తినకుండా తొలి బస్సెక్కిన రోజులే.

ఇప్పుడు, మూట విప్పి నాలుగు ముద్దలు తిన్నాకే
మొదటి బస్తా.

పోయిందా అంటే పోలేదు.
నెలకు రెండు గీతలు.
కాకపోతే తలుపు కొట్టి వస్తా ఉండాది,
గోనెపట్ట పరుచుకుని
షెడ్డెనక చీకట్లో పడుకునేంత
టైమిచ్చి.