ఇంటిపేరు

టంపరా ఒడ్డున తెల్లారగట్ల
వలలో చిక్కి మునిగిపోయిన నీటికాకిని
గోనెగుడ్డలో చుట్టి ఇచ్చాడు కారి దానయ్య.
"బతికున్నన్నాళ్లూ నా చేపలు మింగింది.
సచ్చింది నీకెందుకమ్మా?"

ఛత్రపురంలో ప్యాసింజరెక్కాను.
ఐసుపెట్టెలో మాంసమా అని
ఎదుటి సీటావిడ ఒడియాలో అడిగింది.
కాదు, ఒక ఊరు, అన్నాను తెలుగులో.
నవ్వింది. ఆమెకీ తెలుగొచ్చు.

బరంపురం ల్యాబులో పేగు చీరితే
నిజంగా ఊరే.
నువ్వుగింజంత ఒక్కోటి, ఆకులా చదునుగా,
నోటి దగ్గరొక చూషకం, పొట్టమీదొకటి,
గోడకి అతుక్కుని నూట పద్నాలుగు.
లెక్కపెట్టేసరికి టీ మీద మీగడ కట్టింది.

పుట్టిల్లు నత్త.
పెరిగింది పరిగెపిల్ల కంట్లో,
పొర కమ్మేదాకా అక్కడే మకాం.
చూపు పోయిన చేప పైపైన తేలుతుంది,
నీటికాకికి కబురంపినట్టు.
ఆ ముక్కు దాటితే అత్తారిల్లు. అక్కడ
పెళ్లికొడుకూ తనే, పెళ్లికూతురూ తనే.
గుడ్లు రెట్టలో పడి మళ్లీ నీళ్లకి, నత్తకి.

రంగు పట్టించి చూస్తే అన్నీ ఒకే అచ్చు.
అక్కచెల్లెళ్లనుకున్నాను రెండేళ్లు,
సీసాకి ఒకటే చీటీ.
డీఎన్‌ఏ వచ్చింది.
ఇవి ఒక కంచంలో తిన్న పరాయివాళ్లట.
వీటిలో ఒకదాని సొంత చెల్లెలు
చలికాలం దిగిన గూడబాతు కడుపులో ఉందట,
పోలికన్నది లేకుండా.
రక్తసంబంధం అందామంటే
వీటికి రక్తమే లేదు.

చీటీ చింపి, కొత్తది ఖాళీగా అంటించాను.

మళ్లీ వెళ్లినప్పుడు దానయ్యకి చెప్పాను.
వల ఈనెలు తీస్తూ విన్నాడు.
"అదేటి వింత? మా తాత భీమిలి నుంచి పడవలో వచ్చేడు.
అక్కడి పెదనాన్న పిల్లలు కారోళ్లు,
నా పిల్లలు బడి పుస్తకంలో బెహరాలు.
సంతలో ఎదురైనా తప్పుకుపోతారు."

బుట్టలో అడుగున కళ్లు తెల్లబడ్డ చేపలు.
"ఇవి అమ్మం. ఇంటికే.
బాగా ఉడికితే ఏటీ అవదుగదా?"
అవదన్నాను.

ఆయన భార్య పోలమ్మ చింతపండు నానేసింది.
నా కంచంలోకి తలకాయ వచ్చింది,
ఆ కన్ను పైకుండేలా.
కాసేపు చూశాను.
తిన్నాను.