ముందు చక్రాలు

స్లోవేనియా కొండల కింద, యెసెనిత్సెలో
పాత కొలిమి ఆరిపోయాక
లుద్విక్ కార్లు కడుగుతున్నాడు.
ఇనుము మాత్రం అతన్ని వదల్లేదు.

మిలోయ్కా డ్రైవింగ్ నేర్పే తెల్ల బండి
నెలకోసారి వస్తుంది.
వెనక చక్రాలు బుద్ధిమంతులు.
ముందు రెండే మొండివి:
బ్రేకు పొడి కాలి కాలి
మాడిన పాలగిన్నె అడుగులా పట్టేసి ఉంటుంది.
షాంపూకి లొంగదు. బ్రష్షుకి బదులివ్వదు.

"వేడి మీద మందు కొట్టకూడదు" అంటాడు నాతో,
జ్వరం చూసినట్టు
అరచెయ్యి తిరగేసి లోహాన్ని తాకి.
చల్లారాకే చల్లుతాడు.
నీళ్లలాంటి ఆ మందు కాసేపటికి
నేరేడుపండు రంగు తిరిగి
చువ్వల వెంట కారుతుంది.
మురిగిన కోడిగుడ్డు వాసన.
నేను ముక్కు మూసుకుంటాను.

మిలోయ్కా మూసుకోదు. వంగి చూస్తుంది.
"ఇది తిలెన్, వంతెన దగ్గర.
ఇది బేకరీ మలుపు, ఆ పిల్ల అద్దంలో పెదాలు చూసుకుంటోంది.
ఇదిగో, ఈ నల్లటిది నాది.
నా వైపు పెడల్ మీద
రెండు కాళ్లూ వేసి లేచి నిలబడ్డాను."
ఎవరు అడ్డొచ్చారో చెప్పలేదు.
లుద్విక్ అడగలేదు.

పళ్లు తోమే బ్రష్షుతో
నట్ల గుంతల్లోకి దూరాడు.
ఊదా నీళ్లు జాలీలోకి పోయాయి,
గుద్దుకోని గోడలన్నీ
చావని పిల్లులన్నీ.

చక్రంలో ఇప్పుడు మబ్బు, కొండ, నా ముక్కు.
మిలోయ్కా డబ్బిచ్చి
కుడివైపు సీట్లో కూర్చుంది.
ఇంతసేపూ బెంచీ మీద గోళ్లు కొరుకుతున్న కొత్త కుర్రాడు
ఎడమవైపు ఎక్కాడు.
తాళం ఇంకా తిప్పనే లేదు,
కాలు బ్రేకు మీదుంది.