ఆరో రంధ్రం

మా గుడి వెనక ఒక చిన్న గది.
దాని పేరు బేత్లెహేము.
రొట్టెల ఇల్లని అర్థం చెబుతారు.
నాకైతే పొగచూరిన పైకప్పు, పొయ్యి, చెక్క తొట్టి,
మేకుకి వేలాడే నా పాత కోటు.

తూబా నెల. నైలు మీంచి వచ్చే చలి
తలుపు కిందనుంచి పిల్లిలా దూరుతుంది.
అర్ధరాత్రి దాటాక వస్తాను,
పచ్చి మంచినీళ్ళైనా ముట్టకుండా.
పిండి, నీళ్ళు, పులిసిన ముద్ద. అంతే.
ఉప్పు వెయ్యం.
ఎందుకని మా గురువు సిద్రాక్‌ని అడిగాను
పదహారేళ్ళప్పుడు.
"తినేవాళ్ళు తెచ్చుకుంటారు లేరా" అన్నాడు.

పిండి కొద్దీ రొట్టె అంటారు గానీ
పిసికేవాడి రాత్రి కొద్దీ రొట్టె.
కోపంతో పిసికితే పగులుతుంది.
నిద్రమత్తులో పిసికితే పొంగదు.
భక్తితో పిసికినా
ఒక్కోసారి మాడుతుంది,
దానికి నేనేం చెప్పను.

పెదాల మీద కీర్తన నడుస్తుంటుంది,
చేతుల కింద పిండి నడుస్తుంటుంది,
ఏది దేన్ని లాగుతోందో తెలియదు.
మధ్యలో కరెంటు బిల్లు గుర్తొస్తుంది.
దాన్నీ అందులోనే కలిపి పిసుకుతాను.

చెక్క ముద్ర నొక్కుతాను:
నడుమ పెద్ద సిలువ, చుట్టూ పన్నెండు చిన్నవి.
ఆ తర్వాత పుల్లతో
కుడివైపు మూడు, ఎడమవైపు రెండు.
అయిదు గాయాలు.
ముప్ఫై ఒక్కేళ్ళుగా
ఆయన్ని నేనే గుచ్చుతున్నాను.
ఈ మాట పైకి ఎప్పుడూ అనలేదు.

బుట్టలో ఏడు వెళతాయి.
అబూనా పఖూమ్ ఒక్కొక్కటీ తిప్పి చూస్తాడు,
నాడి పట్టి చూసే వైద్యుడిలా.
ఒకటి బలిపీఠానికి.
మిగతావి ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర
వచ్చినవాళ్ళకి, పోయేవాళ్ళకి.
ఇన్నేళ్ళూ ఆ ఒక్కదాని వంకే చూశాను,
పరీక్ష పాసైన కొడుకుని చూసుకున్నట్టు.

మొన్న ఆదివారం నా చెయ్యి వణికింది.
ఈ మధ్య వణుకుతోంది.
ఒక రొట్టెకి ఆరు రంధ్రాలు పడ్డాయి.
పారేద్దామంటే మనసొప్పలేదు, బుట్టలో అడుగున పెట్టాను.
అబూనా దాన్ని చూశాడు, నన్ను చూశాడు,
ఏమీ అనకుండా పక్కన పెట్టాడు.

ఫెబ్రోనియా సంగతి చెప్పాలి.
కొడుకుని నది తీసుకెళ్ళినప్పటి నుంచి
ఆమె గుమ్మం దాటి లోపలికి రాదు.
అలాగని రావడం మానదు.
బయటి గోడకి చెవి ఆనించి నిలబడుతుంది.
లోపల మేము "ప్రభువా, కరుణించు" అని
నలభై ఒక్కసార్లు అంటాం.
నలభై రెండోది బయట ఎవరైనా అన్నారేమో,
తాళాల మోతలో వినపడదు.

ఆరోజు మిగిలింది ఆ రొట్టె ఒక్కటే.
తీసుకెళ్ళి ఇచ్చాను.
ఆమె దాన్ని తిప్పింది, వేలితో లెక్కపెట్టింది.
"వనీస్, ఈ ఆరోది ఎవరిది?"

"చెయ్యి వణికిందమ్మా."

నవ్వలేదు. ఏడవనూ లేదు.
బొటనవేలు ఆ రంధ్రంలో పెట్టి తుంచింది.
రొట్టె విరిగి నేతిలో పడటం సామెతలో విన్నాను.
ఇది విరిగి నా చేతిలో పడింది.

గోడ పక్కన ఎండలో నిలబడి తిన్నాం ఇద్దరం.
ఎవరో చెప్పులు వెతుక్కుంటున్నారు.
ఎవరి పిల్లాడో గంట తాడు లాగి తిట్లు తిన్నాడు.
నమిలి నమిలి ఆమె అంది:
"ఉప్పు లేదు."

సిద్రాక్ మాట నాలిక చివరిదాకా వచ్చింది.
మింగేశాను.

"ఉండదమ్మా" అన్నాను.
"అలాగే చేస్తాం."